మూడు వేళ్ళ ఎత్తు

"పెద్దవే వెయ్యి," అన్నాడు అల్లుడు.

"ఉన్న సైజే వెయ్యి," అన్నాడు మామ.

టైర్ల షాపు యజమాని చేతిలో స్పానర్ పట్టుకుని ఇద్దరి మొహాలూ చూశాడు. షెడ్డు మధ్యలో పికప్ ట్రక్కు జాకీల మీద లేచి ఉంది. అరిగి నున్నబడిన పాత టైర్లు అప్పటికే ఊడదీసి గోడకు ఆనించారు. వాటి స్థానంలో ఏవి ఎక్కించాలో తేలక పని ఆగిపోయింది.

బండి మామది. అల్లుడు వచ్చేదాకా తనే నడిపి, వచ్చాక స్టీరింగ్ అతనికి వదిలి పక్క సీటుకు మారాడు. ఇద్దరూ కలిసి తమ అద్దాల కొట్టు నుంచి ఇళ్ళకు కిటికీ అద్దాలు, నిలువుటద్దాలు చేరవేస్తారు. చేరవేత పేరుకే, దారి పొడుగునా జరిగేది యుద్ధం. మామ పక్కన కూర్చుని "గుంట, గుంట" అంటాడు. గుంట లేకపోతే ముందు వస్తుందంటాడు. బండి కాస్త వేగం అందుకుంటే చాలు, తన కాళ్ళ దగ్గర లేని బ్రేకును ధన్‌ధన్‌మని తొక్కుతాడు. ఆ చప్పుడు వింటే అల్లుడికి ఒళ్ళు మండిపోతుంది. పెళ్ళాం తండ్రిని దిగిపొమ్మనలేడు. ఆయనే ఎక్కలేకపోతే మాత్రం ఎవరేం చేస్తారు?

మామ పొట్టి. పక్క తలుపు దగ్గర పట్టుకునే పిడి ఎప్పుడో ఊడిపోయింది. వేయించమని అడిగినప్పుడల్లా అల్లుడు రేపన్నాడు. దాంతో మామ సీటు అంచు పట్టుకుని, ఒక ఎగురు ఎగిరి, పొట్ట మీద పాకి లోపలికి చేరుతున్నాడు. ఇంకాస్త ఎత్తు పెరిగితే ఆ ఎగురు చాలదు. ఈ సంగతి అల్లుడికి తెలుసు. అతనికి తెలుసని మామకూ తెలుసు. అయినా ఇద్దరూ టైర్ల గురించే కొట్టుకున్నారు.

స్పీడు బ్రేకర్ల దగ్గర బండి అడుగు గీసుకుపోతోందన్నాడు అల్లుడు. నెమ్మదిగా పోతే గీసుకోదన్నాడు మామ. పెద్ద టైర్లేస్తే స్టీరింగ్ బరువెక్కుతుందని, డీజిల్ ఎక్కువ తాగుతుందని, మీటరు అసలు వేగం కన్నా తక్కువ చూపిస్తుందని వరసపెట్టాడు.

"తక్కువ చూపిస్తే మీకే మంచిది మామయ్యా. చూసి భయపడరు."

షాపు యజమాని గొంతు సవరించుకుని తన మాట చెప్పాడు. కంపెనీ రిమ్ములు మార్చకుండా ఎక్కించాలంటే పాత సైజు కాక రెండే కుదురుతాయి. ఒకదానితో బండి వేలి మందం లేస్తుంది, ఇంకోదానితో మూడు వేళ్ళు. అంతకన్నా పెద్దదైతే మలుపులో మడ్‌గార్డుకు రాసుకుంటుంది.

"మూడు వేళ్ళదే," అన్నాడు అల్లుడు, మామ కాళ్ళ వంక చూస్తూ.

"ఎక్కడానికి పక్కన మెట్టు కూడా బిగించమంటారా?" అన్నాడు షాపు యజమాని.

"ఎవరి కోసం? నేను ఎక్కగలను," అన్నాడు అల్లుడు.

మామ మొహం ఎర్రబడింది. కోపం పెరిగేకొద్దీ ఆయనకు మర్యాద పెరుగుతుంది.

"బండి నాది అల్లుడుగారూ."

"నడిపేది నేను మామయ్యా. నడిపేవాడి మాటే చెల్లాలి. కాదంటే మీ అమ్మాయిని అడగండి."

మామ అక్కడికక్కడే కూతురికి ఫోన్ చేశాడు. టైర్ల సంగతి నడిపేవాడికి తెలియదా నాన్నా, మీ తగువు వినలేక చస్తున్నానంటూ ఆమె పెట్టేసింది. మామ ఫోన్ జేబులో వేసుకున్నాడు.

"సరే, నడిపేవాడి మాటే," అన్నాడు.

ఆయన అంత త్వరగా దిగివస్తాడని అల్లుడు అనుకోలేదు. ఎక్కడ మనసు మార్చుకుంటాడోనని దగ్గర నిలబడి నాలుగు టైర్లూ బిగింపించాడు. జాకీలు దించాక స్టీరింగ్ పట్టుకుని ఒక్క ఊపులో ఎక్కి, చక్రాలు అటూ ఇటూ పూర్తిగా తిప్పి చూశాడు. ఎక్కడా రాసుకోలేదు. దిగి, తాళం వేలికి తగిలించుకుని తిప్పుతూ నిలబడ్డాడు.

మామ పక్క తలుపు తీసి సీటు అంచు పట్టుకుని ఎగిరాడు. చాలలేదు. మళ్ళీ ఎగిరాడు. ఈసారి చొక్కా గుండీ తెగి కింద పడింది. షాపులో పనివాళ్ళు నవ్వు ఆపుకోలేక గోడవైపు తిరిగారు. అల్లుడు చెయ్యి అందించలేదు.

"బస్సెక్కి ఇంటికి వెళ్ళండి మామయ్యా. రేపటి నుంచి కొట్లోనే కూర్చోండి. ఈ వయసులో మీకెందుకీ అవస్థ?"

మామ గుండీ వెతికి తీసుకున్నాడు. బండి ముందు నుంచి చుట్టూ తిరిగి వచ్చి, డ్రైవర్ తలుపు తీశాడు. రెండు చేతులా స్టీరింగ్ పట్టుకుని ఒక్క లాగు లాగి పైకెక్కి కూర్చున్నాడు.

"అటు జరగండి," అన్నాడు అల్లుడు.

"గేరు రాడ్డు దాటి జరగడం నా వల్ల కాదు. పట్టుకుని ఎక్కడానికి నాకు దొరికింది ఈ ఒక్క వైపే." మామ చెయ్యి చాచాడు. "తాళం ఇచ్చి మీరు అటువైపు ఎక్కండి అల్లుడుగారూ. నడిపేవాడి మాటే చెల్లాలన్నారుగా."

అల్లుడు షాపు యజమాని వైపు చూశాడు. అతను తలొంచుకుని స్పానర్ తుడుచుకుంటున్నాడు. పెళ్ళానికి ఫోన్ చేద్దామంటే ఆమె తీర్పు ఇందాకే వచ్చేసింది. తాళం ఇచ్చి, చుట్టూ తిరిగి వెళ్ళి, పిడి లేని వైపు ఎక్కి కూర్చున్నాడు.

బండి రోడ్డెక్కింది. మామ మీటరు వంక కూడా చూడకుండా మొదటి మలుపు తిప్పాడు.

"గుంట మామయ్యా, గుంట," అన్నాడు అల్లుడు, తన కాళ్ళ దగ్గర లేని బ్రేకును ధన్‌మని తొక్కుతూ.