రన్‌వేకి ఇవతల

"ఆ పైలట్ పెళ్ళాం ఈ హాల్లోనే ఎక్కడో ఉందట. ఎవరో చెప్పండి, నేను రెండు మాటలు అడగాలి."

బేకరీ అతను ఆ మాట అనేసరికి విమానాశ్రయం హాల్లో గుసగుసలు ఆగిపోయాయి. విమానం కూలిందని తెలియగానే పిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చిన మనిషి. భార్య అందులో ఉంది. వచ్చిన దగ్గర్నుంచీ కాలుగాలిన పిల్లిలా ఈ గోడ నుంచి ఆ గోడకి తిరుగుతూనే ఉన్నాడు.

కిటికీ పక్క బెంచీ మీద కూర్చున్న టైలరమ్మ తల దించుకుంది. కొలతల టేపు ఇంకా తన మెడలోనే వేలాడుతోందని అప్పుడు చూసుకుని, తీసి గుప్పిట్లో చుట్టుకుంది. కూలిన విమానానికి కెప్టెన్ ఆమె భర్తే.

బయట సన్నగా వాన. కాసేపట్లో చక్రాలు నేలకి ఆనవలసిన విమానం, రన్‌వేకి ఇవతలే ముళ్ళకంపల బీడులో పడిపోయింది. అద్దాల్లోంచి చూస్తే పొగ ఇంకా లేస్తోంది. ఎవరున్నారో, ఎవరు పోయారో చెప్పే నాథుడు లేడు. చెప్పేవాడు లేనిచోట నోటికొచ్చిందే నిజం. పైలట్ కునుకు తీశాడని ఒకరన్నారు. తాగి ఎక్కాడని ఇంకొకరు. ఇంత మబ్బులో దించొద్దని కిందనుంచి మొత్తుకున్నా వినలేదని మరొకరు. ఆయన ఎన్నడూ చుక్క ముట్టలేదని అరిచి చెప్పాలనిపించింది టైలరమ్మకి. అరిస్తే తానెవరో అందరికీ తెలిసిపోతుందని గుప్పిట్లో టేపుని ఇంకా బిగించింది.

అంతకుముందే ఒక ఆఫీసరు వచ్చి, వంగి, విమాన సిబ్బంది ఇళ్ళవాళ్ళకి పైన వేరే గది ఏర్పాటు చేశామని, ఇక్కడ ఉండటం మంచిది కాదని ఆమె చెవిలో చెప్పాడు. ఆమె కదల్లేదు. ఏ కబురైనా ముందు ఇక్కడికే వస్తుంది, అందరితోపాటే వింటానంది. ఆ మాటలు పక్కనున్న పెద్దాయన చెవిన పడ్డాయి. పడ్డట్టు ఆమెకీ తెలిసింది. లేచి వెళ్ళిపోతాడనుకుంది. ఆయన తన చేతిసంచీ అవతలికి జరిపి, ఇంకాస్త దగ్గరగా కూర్చున్నాడు.

బేకరీ అతని చూపు ఆ బెంచీ మీద ఆగింది. నేరుగా వచ్చి టైలరమ్మ ముందు నిలబడ్డాడు. ఇంతమందిని వదిలి ఆఫీసరు ఆమెతోనే ఏం మాట్లాడాడని అడిగాడు. వెనకాల నలుగురైదుగురు చేరారు. ఇక దాచి లాభం లేదనుకుని ఆమె నోరు తెరిచింది.

"మా కోడలు బాబూ," అన్నాడు పెద్దాయన. "కళ్ళు తిరిగి పడబోతుంటే మంచినీళ్ళు కావాలా అని అడిగాడు. నీకున్న బాధే మాకూను. వదిలెయ్."

బేకరీ అతను పిండి చేతులు నెత్తిమీద పెట్టుకున్నాడు. "ఎవర్నో ఒకర్ని తిట్టకపోతే నా గుండె పగిలేట్టుంది పెద్దాయనా."

"తిట్టు నాయనా, వద్దనను. కానీ నేనూ ఒకప్పుడు బస్సు తోలినవాణ్ణే. బండి దేన్నయినా గుద్దితే మొదట నలిగేది డ్రైవరే. కావాలని ఎవరూ గుద్దుకోరు."

వెనకాల చేరినవాళ్ళు ఒక్కొక్కరే పక్కకి జరిగారు. బేకరీ అతను వాళ్ళ కాళ్ళ దగ్గరే నేలమీద చతికిలబడ్డాడు. పెద్దాయన అతని భుజం మీద చెయ్యి వేశాడు.

ఆఫీసరు మళ్ళీ వచ్చేసరికి వాన వెలిసింది. తోక వైపు కూర్చున్నవాళ్ళలో కొందర్ని ప్రాణాలతో బయటికి తీశామని చెప్పి, పేర్లు చదివాడు. బేకరీ అతని భార్యకి కాలు విరిగిందట, మాట్లాడుతోందట. అతను రెండు చేతులతో మొహం కప్పుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. పిండి అంటిన మొహంతోనే ఆస్పత్రికి పరుగెత్తబోయి, గుమ్మం దగ్గర ఆగి, ఇంకా కూర్చున్నవాళ్ళందరికీ దణ్ణం పెట్టి వెళ్ళాడు.

ఆఫీసరు గొంతు తగ్గించాడు. విమానం ముందు భాగంలో ఉన్నవాళ్ళెవరూ మిగల్లేదన్నాడు. ఎవరి పొరపాటో విచారణలో తేలాలి, అందాకా ఎవరినీ ఏమీ అనొద్దని బతిమాలాడు.

టైలరమ్మకి ఏడుపు రాలేదు. పక్కకి చూడకుండానే పెద్దాయన చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి తన చేతికంటే ఎక్కువగా వణుకుతోంది. ముక్కూ మొహం తెలియని మనిషి తన కోసం ఇంత కదిలిపోతున్నాడే అనుకుంది. ఇంతసేపూ తన గోడే గానీ, ఆయన ఎవరి కోసం వచ్చాడో అడగనైనా లేదని అప్పుడు తట్టింది. సిగ్గేసింది.

"మీవాళ్ళెవరు మామయ్యగారూ?"

"మా అమ్మాయి."

"వెనక వైపు కూర్చుందా?" ఆశగా అడిగింది.

పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. కిటికీలోంచి ఆ పొగవైపే చూశాడు.

"మీ ఆయన పక్క సీటమ్మా. విమానం దించడం ఇవాళ నాకే ఇచ్చారు నాన్నా అని, పొద్దున ఫోన్ చేసి ఎంత సంబరపడిందో."