కానుకకి ఇరవై

చర్చి మెట్ల దగ్గర జోయెల్ జేబులోంచి ఇరవై నోటు తీసి భార్య చేతిలో పెట్టాడు.

"కానుకకి ఇది చాల్లే బ్లెస్సీ. నీకు జీతం లేదని దేవుడికి తెలుసుగా."

బ్లెస్సీ తలూపింది. మూడు నెలల బిడ్డనెత్తుకుని చర్చికి రావడం ఆమెకిదే మొదటిసారి. కాన్పు సెలవులో ఆమె పనిచేసే కాలేజీవాళ్లు జీతమివ్వరని కనుక్కొచ్చి చెప్పింది జోయెలే. ఆమె ఏటీఎం కార్డూ, బ్యాంకు మెసేజీలొచ్చే ఫోనూ పెళ్లయినప్పటి నుంచీ అతని దగ్గరే ఉన్నాయి. డైపర్లకు డబ్బులడిగిన ప్రతిసారీ "సంసారం ఒక్కణ్ణే లాగుతున్నాను" అనేవాడు. ఆమె తన గుడ్డూ, గ్లాసు పాలూ మానేసింది. చెయ్యి చాపడం అలవాటైపోయింది.

ఆరాధన చివర, జీతంలో పదోవంతు ఇచ్చినవాళ్ల పేర్లు చదివి ప్రార్థించడం ఆ సంఘంలో ఆనవాయితీ. పాస్టరుగారు కళ్లజోడు సర్దుకున్నారు.

"మన సహోదరి బ్లెస్సీ ఇవాళ బిడ్డతో వచ్చింది. కాన్పు సెలవులో ఉండి కూడా తన జీతంలో దశమ భాగం నెలనెలా భర్తతో పంపించింది. మూడు వేల రెండు వందలు, ఒక్క నెల తప్పలేదు. ప్రభువు దీవించును గాక!"

"ఆమేన్," అన్నారంతా.

బ్లెస్సీ పక్కకి చూసింది. జోయెల్ కళ్లు మూసుకునే ఉన్నాడు.

కానుక సంచి వచ్చింది. ఆమె ఇరవై నోటు అందులో వేసి పక్కావిడకి అందించింది.

మెట్లు దిగుతూ, "ఏవండీ, డైపర్లయిపోయాయి," అని ఎప్పటిలాగే చెయ్యి చాపింది.

జోయెల్ నోట ఈసారి 'ఒక్కణ్ణే' అన్న మాట రాలేదు.