ఏ ఫాంట్ బాగుంది నాన్నా?

"నాన్నా, ఓసారి ఇలా వచ్చి కూర్చో. నీ కళ్లతో పనుంది" అంది కూతురు.

బడి బస్సు డ్రైవరైన ఆ తండ్రి గుమ్మంలోనే ఆగిపోయాడు.

కూతురిది వెబ్‌సైట్లు తయారుచేసే ఉద్యోగం. సోఫాలో బాసింపట్టు వేసుకుని, ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుంది.

"మీ బడి బస్సుల టైములకి ఒక పేజీ చేస్తున్నా. ఫోన్‌లో చూసుకునేది ఎక్కువగా తాతలూ అమ్మమ్మలూనే. నా కంటికి ఏ ఫాంట్ అయినా ఒకటే. నీ వయసువాళ్లకి ఏది హాయిగా ఉంటుందో నువ్వే చెప్పాలి."

"మీ అమ్మనడుగు."

"నన్నడిగితే అన్నీ బాగున్నాయంటాను" అంది భార్య, ఎదుటి కుర్చీలో చిక్కుడుకాయలు తుంచుతూ. "వంకలు పెట్టడం నీకు పుట్టుకతో వచ్చిన విద్య. వెళ్లు, అది ఇవాళైనా ఎవరికో పనికొస్తుంది."

తప్పించుకునే దారి లేదు. కూర్చున్నాడు.

కళ్ల సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. కంటి డాక్టరు దగ్గరికి దొంగలా వెళ్లొచ్చాడు. "లోపల నరం ఎండిపోతోంది. కళ్లజోడుతో పోయేది కాదు. ఇక బండి నడపొద్దు" అన్నాడు డాక్టరు. ఆ మాటని ఆ గుమ్మంలోనే వదిలేసి, మర్నాడు యథాప్రకారం బడి బస్సెక్కాడు. దారి చేతులకి తెలుసు. గుంతలు నడుముకి తెలుసు. తెలియనిది ఎదురైతేనే చిక్కు.

మొన్న మలుపులో ఎదురైంది. రోడ్డు పక్కన ఎవరో మూట పడేశారనుకున్నాడు. ఒరుసుకుంటూ పోనివ్వబోయాడు. మూట లేచి నిలబడింది. వంగి బూటు లేసు కట్టుకుంటున్న పిల్ల అది.

సమయానికి బ్రేకు పడబట్టి సరిపోయింది. ఆ మలుపు వస్తుందంటే ఇప్పటికీ భయంతో బస్సుని నడకవేగానికి దించేస్తున్నాడు.

అయినా స్టీరింగ్ వదలడమన్నది తలుచుకుంటే అంతకన్నా భయం. ఆ చక్రం లేకపోతే తనెవరు? మూలన పడేసిన పాత టైరు. పైగా రేపట్నుంచి ఈ కూతురి బిడ్డ, తన మనవరాలు కూడా ఆ బస్సే ఎక్కుతోంది. "తాత వెనక సీటు నాదే" అని వీధంతా చాటేసింది.

"ఇదిగో, మొదటిది" అంది కూతురు. "చదవక్కర్లేదులే. చూడగానే ఎలా అనిపించిందో చెప్పు."

చదవక్కర్లేదు అనగానే కాస్త ఊపిరాడింది. తెర మీద బూడిదరంగు చారలు, చీమలబారుల్లా.

"సన్నం" అన్నాడు. "బొత్తిగా తిండి లేనట్టుంది."

కూతురు ఏదో నొక్కింది. "ఇప్పుడు?"

కళ్లు చికిలించబోయి ఆగాడు. చికిలిస్తే దొరికిపోతాడు. అవే చారలు. అదే మసక. వెంట్రుకవాసి తేడా కూడా తెలియలేదు. ఇంతగా పాడయ్యాయా తన కళ్లు?

"బొద్దుగా ఉందా, ఇంకా సన్నమా? చెప్పవయ్యా, ముహూర్తం చూడాలా?" అంది భార్య.

ఆ మాట ఊతకర్రలా దొరికింది.

"బొద్దుగా, నిండుగా ఉంది! మొదటిదానికీ దీనికీ నక్కకీ నాకలోకానికీ ఉన్నంత తేడా."

"ఇది?"

మూడోది. మళ్లీ అదే మసక. ఈసారి ఊతకర్ర ఎవరూ అందించలేదు. కూతురి గొంతు సన్నగా పలికింది. దానికి నచ్చలేదు కాబోలు అనుకున్నాడు.

"వంకర టింకరగా ఏడ్చింది. అక్షరాలకి ఆ తోకలెందుకే? తీసెయ్."

కూతురు నవ్వలేదు. మామూలుగా అయితే ఇలాంటి మాటకి పడీపడీ నవ్వేది.

"నాలుగోది, నాన్నా. తొందరేం లేదు, బాగా చూడు. తేడా తెలియకపోతే తెలియలేదనే చెప్పు. ఏం కాదు."

అనుమానపడుతోందా? ఇక్కడ తడబడ్డాడంటే రేపు బస్సు తాళం చేతికి రాదు. తెరకేసి గుడ్లప్పగించి చూశాడు. ఎంత చూసినా అవే చారలు.

"తెలియకపోవడమేంటే! రోడ్డు మీద పిన్నీసు పడినా కనిపెట్టే కళ్లివి" అన్నాడు గట్టిగా. "ఇదే అన్నిటికన్నా బాగుంది. ముత్యాలు పేర్చినట్టు దేనికది విడివిడిగా. ఇదే పెట్టు."

"ఖాయమేనా?"

"ఒట్టు."

కూతురు ల్యాప్‌టాప్ మెల్లగా మూసింది.

"సరే నాన్నా."

గండం గడిచింది. చెమట పట్టిన అరచేతులు ప్యాంటుకి తుడుచుకుని, రేపటి యూనిఫాం ఇస్త్రీ చేసుకోవడానికి ఈల వేసుకుంటూ లోపలి గదిలోకి వెళ్లాడు.

చిక్కుడుకాయల గిన్నె తీసుకుని భార్య వంటింట్లోకి నడిచింది. కూతురు వెనకే వెళ్లి, తల్లి భుజం మీద తల ఆనించి గుసగుసగా అంది:

"నాలుగుసార్లూ ఒకటే ఫాంట్ చూపించానమ్మా."