ఆఖర్న పడిన పేరు

"లోగో ఇంకో ఇరవై సెకన్లు పెంచాలి," అన్నారు నిర్మాతగారు, ఎడిటింగ్ గదిలో ఉన్న ఒకే ఒక్క మెత్తటి కుర్చీలో కూలబడుతూ.

డైరెక్టరు తెర మీద నిడివి లెక్క చూసుకున్నాడు. పది నిమిషాలు దాటితే లఘుచిత్రాల పోటీకి సినిమా తీసుకోరు. లోగో పెరిగితే కథ తరగాలి. నిర్మాతగారు పిల్లనిచ్చిన మామగారు కూడా కావడంతో గట్టిగా నోరు విప్పే వీల్లేదు.

లోగోలో అప్పటికే భూగోళం గిర్రున తిరుగుతోంది. దాని మీద గద్ద వాలుతుంది. గద్ద రెక్కలు విప్పగానే మధ్యలోంచి మామగారు నవ్వుతూ వచ్చి చెయ్యి ఊపుతారు. ఇప్పుడు ఆ నవ్వు స్లో మోషన్‌లో రావాలట.

"గడియారాలు బాగుచేసే ముసలాయన, పోయిన భార్య చేతిగడియారం విప్పే సీను ఎగిరిపోతుంది మామయ్యగారూ."

"పోనీవయ్యా. గడియారం విప్పుతుంటే ఎవడు చూస్తాడు?"

ఎడిటరమ్మ పళ్లు బిగబట్టి కోసింది. మర్నాడు అత్తగారు 'సమర్పణ' అంటూ మబ్బుల్లోంచి దిగారు. బావమరిది సహనిర్మాతగా మోటారుసైకిల్ మీద ఒకే మలుపు మూడుసార్లు తిరిగాడు. కృతజ్ఞతల్లో మామగారి పళ్ల డాక్టరు కూడా చేరాడు. ఆ నవ్వు ఆయన చలవేనట. పేరు పడినప్పుడల్లా ఒక సీను పోయింది. చివరికి ముందు పడే పేర్లు ఆరు నిమిషాలు, వాటి తర్వాత కథ నాలుగు నిమిషాలు తేలాయి.

రెండేళ్లు ప్రాణం పెట్టి తీసిన మొదటి సినిమా. డైరెక్టరుకి ఏడుపొచ్చింది.

"పద్ధతి ప్రకారం నీ పేరు ఆఖర్న, ఒక్కటే వేశాంగా. ఇంకా ఆ మొహమేంటి?" అన్నారు మామగారు.

నెల తిరిగేసరికి కబురొచ్చింది. మొదటి బహుమతి. మామగారు ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి, న్యాయనిర్ణేతల ఉత్తరం అల్లుడి చేతే పైకి చదివించారు.

"గొప్పలకు పోయే కుటుంబం మీద ఇంత పదునైన హాస్యచిత్రం మేం ఈమధ్య చూడలేదు. గద్దలోంచి వచ్చే డంబాచారి వేషం కట్టినాయనకు ఉత్తమ హాస్యనటుడి బహుమతి కూడా ఇస్తున్నాం. ఒక్కటే లోపం. డైరెక్టరు పేరుతో చక్కగా ముగిసిన సినిమాకి, ఆ గడియారాల ముసలాయన్ని నాలుగు నిమిషాలు ఎందుకు అతికించారో మాకు అర్థం కాలేదు."