రిచర్డ్ గారి నేరేడు వైన్

“ఒరే అప్పలకొండా, నువ్వైనా తేల్చరా. ద్రాక్షా? నేరేడా?” అంటూ ఫోర్‌మేన్ సుందర్ రాజు గారు రెండు గ్లాసులూ అతని ముందుకి తోశారు.

క్రిస్మస్ మధ్యాహ్నం. ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో, రిటైరైన ఆంగ్లో-ఇండియన్ మెయిల్ రైలు డ్రైవర్ రిచర్డ్ గారి వరండా. ఏటా ఆ పూట ఆ ఇద్దరికీ ఇదే గొడవ. తన ఇంట్లో జాడీలో ఊరిన నేరేడు వైన్‌ని మించింది లోకంలో లేదని రిచర్డ్ గారు. అది వైన్ కాదు, దగ్గు మందు, వైన్ అంటే ద్రాక్షదేనని ఫోర్‌మేన్ గారు. ఈ ఏడు మాత్రం ఆ గొడవ మధ్యకి ఫోర్‌మేన్ గారు తన కింద పనిచేసే ఇద్దరు ఖలాసీల్ని కూడా పిలిచారు. ఊరికే కాదు. రైల్వే వర్క్‌షాపులో ఇంజన్లని ఎత్తే క్రేన్‌కి డ్రైవర్ పోస్టు ఒకటి ఖాళీ అయింది. సోమవారం ఫోర్‌మేన్ గారు ఒక్క పేరు రాసి పంపుతారు. అయితే అప్పలకొండ, లేకపోతే పక్కన కూర్చున్న దేముడు. పన్నెండేళ్లుగా గ్రీజు గుడ్డ పట్టుకుని ఇంజన్ల కింద పాకుతున్న అప్పలకొండకి ఆ పోస్టు తప్ప కళ్లకి ఇంకేమీ ఆనడం లేదు.

దేముడి వంతు అప్పుడే అయిపోయింది. గ్లాసు మూతికి తగిలిందో లేదో, పరిగెత్తుకెళ్లి మెట్ల అవతల తుపుక్కున ఉమ్మేశాడు. “నాకిది పడదు సార్. యాక్, కంపు!”

“జంగ్లీ!” అని రిచర్డ్ గారు పడీ పడీ నవ్వారు. ఫోర్‌మేన్ గారూ నవ్వారు. దేముడు తల దించుకుని కూర్చున్నాడు. అప్పలకొండకి లోపల్లోపల పండగే పండగ.

ఉన్నమాట చెప్పాలంటే, అప్పలకొండ పుట్టి బుద్ధెరిగి కల్లుచుక్క కూడా ముట్టినవాడు కాడు. రిచర్డ్ గారింట్లో వంటచేసే పోలమ్మ వాళ్ల సందులోనే ఉంటుంది. నోరారా చిన్నమ్మా అని పిలుస్తాడు. ఫోర్‌మేన్ గారిని మెప్పించే దారేదని అడిగితే, ఆవిడే నాలుగు రోజులపాటు గ్లాసులో నీళ్లు పోసి మరీ నేర్పింది: ఎలా పట్టుకోవాలి, ఎలా వాసన చూడాలి, ఏ గుక్కకి ఏ మాట అనాలి.

అప్పలకొండ నేరేడు గ్లాసుని ఎండకెత్తి చూశాడు.

“రంగు కాసింత ఎక్కువైనాది దొరా. మాడ్సిన పంచదార ఓ గరిటె ఎచ్చుగా పడ్డాది.”

రిచర్డ్ గారి నవ్వు ఆగిపోయింది. “అరే! కైసే మాలూమ్? నీకెలా తెలిసింది మేన్?”

అప్పలకొండ ఒక గుక్క నోట్లో పోసుకుని ఇటూ అటూ తిప్పాడు. కళ్లు మూసుకుని మింగేశాడు. తర్వాత ద్రాక్షది.

“నేరేడుది ఒళ్లు గట్టిది సార్. గాని వగరు గొంతు పట్టేస్తాది. ద్రాచ్చదైతే మింగినాకే అసలు రుసి తెలుస్తాది.”

“వగరే దాని అందం మేన్! వగరు వద్దంటే షర్బత్ తాగు!” రిచర్డ్ గారు బల్ల గుద్దారు.

కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. అయినా మనవాడు బెదరలేదు. పోలమ్మ దీనిక్కూడా జవాబు నేర్పింది మరి!

“వగరుండాల దొరా. గాని మూడేల్లు జాడీలో పడుంటే అదే మెత్తబడతాది. తవరు ఆర్నెల్లకే మూత తీసేసినారు.”

ఫోర్‌మేన్ గారు కుర్చీలోంచి ఎగిరి లేచారు. “విన్నావా రిచర్డ్? ఇరవయ్యేళ్లుగా నేను మొత్తుకుంటున్నది ఇదే కదా! శభాష్‌రా అప్పలకొండా! ఎన్నాళ్ల అలవాటు నీకు?”

“పదేల్లు సార్,” అప్పలకొండ ఛాతీ విరుచుకున్నాడు. “రోజూ పొద్దుగూకితే ఓ గలాసు పడాల్సిందే. లేపోతే సేతులాడవు.”

“పడాల్సిందే! మరి పడాల్సిందే!” ఫోర్‌మేన్ గారు తన చేత్తో రెండో గ్లాసు నింపి ఇచ్చారు. అప్పలకొండ అదీ గడగడా తాగేశాడు. ఫోర్‌మేన్ గారు మూతి తుడుచుకుని అవతలికి తిరిగారు.

“దేముడూ, సోమవారం పొద్దున్నే క్రేన్ దగ్గరికి వచ్చెయ్. నీ పేరే రాస్తున్నాను.”

అప్పలకొండ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. “సార్?”

“నేను తాగితే నా కాళ్లు తూలతాయిరా. నువ్వు తాగితే వందమంది నెత్తిమీద ఇంజను తూలుతుంది. నిన్ను విందుకి పిలిచాననుకున్నావా? పరీక్షకి పిలిచాను.”

“నాను తాగను సార్! మాయమ్మ మీదొట్టు! ఇయ్యాలే మొదలు!”

“రెండు గ్లాసులు లాగించి ఒట్టు కూడానా?”

అందరికంటే గట్టిగా రిచర్డ్ గారు నవ్వారు. “షర్బత్ తాగు మేన్, షర్బత్!”

అప్పలకొండ తూలుకుంటూ వెళ్లి వంటింటి గుమ్మం పట్టుకుని భోరుమన్నాడు. పోలమ్మ కోడిమాంసం గిన్నెలోకి తీస్తోంది.

“నా కొంప ముంచేసినావు సిన్నమ్మా! తాగినోడికి కిరేన్ ఇయ్యరంట! ఆ ముక్క నీకు తెల్దా?”

“తెలవకేటిరా? ఫోర్‌మేన్ గోరు ఈ ఇంట్లోనే సెప్పినారు, నా సెవులార ఇన్నాను.”

“మరి నాకెందుకు ఇలాగ నేర్పినావే?”

“నీకు మింగడం నేర్పినాను, దేముడికి ఉమ్మడం నేర్పినాను,” అంది పోలమ్మ గరిటె విదిలించి. “మాగమాసంలో నా పిల్ల మెడలో పుస్తి కట్టేది ఆడు గదరా నాయినా!”