గుడ్డుకు చోటు

ఎండకు పండిపోయిన గడ్డిమైదానంలో ఒక సీతాకోకచిలుక పొద్దుటి నుంచి గుడ్డు పెట్టడానికి చోటు వెతుక్కుంటోంది. ఒక పరక మీద వాలింది. కింద చీమల బారు కనిపించి వెంటనే ఎగిరింది. ఇంకో పరక పక్కన మేక పెంటికలున్నాయి. అక్కడా నిలవలేకపోయింది. గాలికి రెక్కల అంచులు చిరిగిపోయాయి. ఇది చివరి గుడ్డు. పొద్దు వాలేలోగా పెట్టకపోతే కడుపులోనే పోతుంది.

పక్క పరక మీదున్న ఒక మిడత నవ్వింది. "ఏమ్మోయ్, సంబంధాలు చూస్తున్నావా? ప్రతి పరకకీ వంక పెడుతున్నావు!"

సీతాకోకచిలుక ఎగురుతూ ఎగురుతూ గడ్డి చివరికి వచ్చింది. అక్కడ బోడినేల మీద, రాళ్ల మధ్య, తీతువు పిట్ట గుడ్లు పొదుగుతోంది.

"అక్కా, గూడు లేదు, చాటు లేదు. ఇక్కడెలా పెట్టావు?"

"చాటు కోసం నేనూ తిరిగాను. దొరకలేదు."

"మేకలొస్తే?"

"ఎదురెళ్లి అరుస్తాను. నా గొంతు వింటే మనుషులు అపశకునమని తిట్టుకుంటారు. తిట్టుకోనీ."

"మరి నిద్రెలా పడుతుంది నీకు?"

"పడుతుందని ఎవరన్నారు?"

అంతలోనే మేకల మెడగంటలు వినిపించాయి. తీతువు రెక్కలు విప్పి, అరుస్తూ వాటికి ఎదురు పరుగెత్తింది. మేకలు బెదిరి పక్కకు తిరిగాయి.

సీతాకోకచిలుక ఆ రాళ్లను ఆనుకున్న పరక మీదే గుడ్డు పెట్టింది. తనకు అరిచేంత గొంతు లేదు. అయినా తీతువు తిరిగొచ్చేదాకా, చిరిగిన రెక్కలతో ఆ గుడ్లన్నిటి మీదా గిరగిరా తిరుగుతూనే ఉంది.