శబ్నమ్‌పసంద్ రుచి తెలిసినవాడు

"ఆ ఇనుప కత్తి పక్కన పెట్టెయ్ శుభంకర్. మంచి పండుకు ఇనుము తగిలితే రుచి చచ్చిపోతుంది."

హరాధన్ గూట్లోంచి వెదురు కత్తి తీసి పంచె అంచుతో తుడిచాడు. వరండాలో చాప మీద మూడు మామిడిపళ్లు దూదిలో పడుకోబెట్టి ఉన్నాయి. ఒకటి కోహితూర్, ఒకటి రాణీపసంద్. పోల్చి చూడటానికి తోటల సంఘం కార్యదర్శి శుభంకర్ తెచ్చినవి. మూడోది సకీనా బీబీ పెరట్లో కాసింది. దానికి పేరు లేదు.

భాగీరథి అవతలి ఒడ్డు నుంచి ఆమె దాన్ని ఒళ్లో పెట్టుకుని పడవలో వచ్చింది. వెంట మరిది కొడుకు మునీర్ వచ్చాడు.

"ముందే చెబుతున్నా కాకాబాబూ," అన్నాడు మునీర్, కూర్చోకుండానే. "ఆ స్థలంలో నాకూ వాటా ఉంది. ఇల్లు లేపాలంటే చెట్టు కొట్టక తప్పదు. మీరు చెప్పే ఆ శబ్నమ్‌పసందే అయితే సరే, గోడ పక్కకు జరుపుకుంటాను. ఊరికి పేరు తెచ్చే చెట్టును కొట్టిన పాపం నాకెందుకు? కాదంటే మాత్రం రేపే రంపం."

"కూర్చో నాయనా. పండేం పారిపోదు."

శబ్నమ్‌పసంద్ ఒకప్పుడు అజీమ్‌గంజ్ జమీందారు తోటలో ఒకే ఒక్క చెట్టుకు కాసేదట. తోటను ఏరు కోసేసింది. ఆ పండు తిన్నవాళ్లలో బతికున్నది హరాధన్ ఒక్కడేనని ఊరంతా చెప్పుకుంటారు. అతని తండ్రి ఆ జమీందారు మేడలో పళ్లు కోసిపెట్టే మనిషి. ఆఖరి కాపులో ఒక ముక్క దాచి ఏడేళ్ల కొడుకు నోట్లో పెట్టాడట. భార్య చనిపోయిన ఏడాది, టీకొట్టు బల్ల మీద కూర్చుని హరాధనే ఆ సంగతి బయటపెట్టాడు.

అప్పటినుంచి పదకొండేళ్లుగా, జ్యేష్ఠం వస్తే చాలు, చుట్టుపక్కల తోటలవాళ్లు బుట్టలతో దిగుతారు. "ఇదేమో చూడు దాదా" అంటారు. హరాధన్ ఒక ముక్క నోట్లో వేసుకుని కళ్లు మూసుకుంటాడు. అందరూ ఊపిరి బిగబట్టి చూస్తారు. "కాదు" అంటాడు. అయినా ఎవరూ వెంటనే లేవరు. టీ తాగుతారు, పూత గురించీ పురుగు గురించీ చెబుతారు, వచ్చే ఏడు ఇంకో చెట్టు పండు తెస్తామంటారు. ఆ నెల దాటితే మళ్లీ ఏడాది దాకా ఆ తలుపు తట్టేది గాలే.

కోహితూర్ తిన్నాడు. నీళ్లు పుక్కిలించాడు. రాణీపసంద్ తిన్నాడు. మళ్లీ పుక్కిలించాడు.

"ఈ చెట్టు ఎవరు నాటారు చెల్లెమ్మా?"

"ఎవరూ నాటలేదు దాదా. మా ఆయన పండు తిని టెంక విసిరేస్తే మొలిచింది."

"విన్నారా!" మునీర్ నవ్వాడు. "దారిన పోయే టెంక!"

సకీనా తల వంచుకుంది. "ఏ జాతో నాకు తెలీదు దాదా. ఆయన పోయాక ఆ పళ్లు అమ్మనూ లేదు. తెల్లారేసరికి చిలకలు వాలి ఒకటే గోల. అవి కూడా లేకపోతే మా ఇంట్లో పొద్దస్తమానం మాటన్నదే వినబడదు."

హరాధన్ చేతిలో కత్తి ఆగింది. ఆమె వంక కాసేపు చూశాడు. తర్వాత మెల్లగా మూడో పండు కోసి ముక్క నోట్లో పెట్టుకున్నాడు.

తీపే. వెనకాలే కాస్త పులుపు. టెంక దగ్గర పీచు పళ్లకు తగిలింది.

కళ్లు మూసుకున్నాడు. పదకొండేళ్లుగా అలవాటైన "కాదు" నాలుక చివరికి వచ్చి నిలబడింది. ఔనంటే ఇంక వెతకడానికేముంది? వెతికేవాళ్లు ఎందుకొస్తారు? వచ్చే జ్యేష్ఠంలో ఈ చాప పరవాల్సిన పనే ఉండదు.

"ఏమంటారు?" అన్నాడు మునీర్.

"ఇదే," అన్నాడు హరాధన్. "శబ్నమ్‌పసంద్."

శుభంకర్ గంతేసినంత పనిచేశాడు. తనూ ఒక ముక్క నోట్లో వేసుకుని నొసలు ముడిచాడు. "పీచు తగుల్తోంది కదా కాకాబాబూ?"

"అప్పుడు తిన్నది నువ్వా, నేనా?"

"మీరే, మీరే!" శుభంకర్ నవ్వి సంఘం ధ్రువీకరణ కాగితం ముందుకు జరిపాడు. హరాధన్ సంతకం పెట్టాడు. సకీనా కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

"ఊరుకో పెద్దమ్మా, గోడ జరుపుతానన్నాగా," అన్నాడు మునీర్.

ఆఖరి పడవ వేళయిందని ముగ్గురూ గబగబా లేచారు. ఆ సంబరంలో, టీ పెడతానన్న హరాధన్ మాట ఎవరి చెవినా పడలేదు.

ఆ వారమంతా జనం ఏరు దాటి సకీనా ఇంటికే వెళ్లారు. అంటు కట్టుకోవడానికి కొమ్మలడిగేవాళ్లు కొందరు, చెట్టును తాకి చూసిపోయేవాళ్లు కొందరు. ఆమె రోజూ రెండుసార్లు పొయ్యి వెలిగించి అందరికీ టీ పెడుతోందట. ఆ కబురు పడవవాడు రేవులో ఎవరికో చెబుతుంటే హరాధన్ విన్నాడు. ఇంటికొచ్చి ఒక మామిడిపండు కోసుకుని ఒక్కడే కూర్చుని తిన్నాడు.

హరాధన్ జన్మలో శబ్నమ్‌పసంద్ తినలేదు.